పాడేరు వెళ్తున్నారా: దోమతెరా, డాక్సీసైక్లినా?

బెంగళూరులో స్థిరపడి, సెలవులకు పాడేరు, అరకు వైపు సొంతూళ్లకు వెళ్లేవాళ్లు మలేరియా మనకు అలవాటేగా అనుకుంటారు. ఏళ్ల తరబడి దూరంగా ఉంటే ఆ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలే ఉండదు.

మందు పట్టించిన దోమతెర గర్భిణులకూ పసివాళ్లకూ కూడా మంచిదే. కానీ చీకటి పడ్డాక అరుగు మీద కబుర్లాడేటప్పుడు అది కాపాడదు.

అక్కడ మలేరియా రాకుండా ముందుగానే వేసుకునే మందు డాక్సీసైక్లిన్ ఆదుకుంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 100 మి.గ్రా. ప్రయాణానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వాడాలి. ఇంటికి రాగానే ఆపేయడమే అసలు ప్రమాదం. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు వద్దు.

డాక్టర్ సరేనంటే పెద్దవాళ్లకు రెండూ ఉండాలనే అంటాను. తిరిగొచ్చాక జ్వరం వస్తే, ఊరెళ్లిన సంగతి చెప్పి ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.