కవర్ల పద్ధతిలో ఇంటి బడ్జెట్: కోనసీమలో మూడు సంక్రాంతులు దాటాక

ముందే చెప్పేస్తాను, ఒక్కో ఖర్చుకు ఒక్కో కవరులో డబ్బు విడిగా పెట్టుకునే కవర్ల పద్ధతి పనిచేస్తుంది. కాకపోతే నెలజీతాల ఇళ్లకు చెప్పినట్టే మా కోనసీమ ఇంట్లో పెడితే రెండో నెలకే మూలన పడుతుంది. మా ఇంట్లో మూడు సంక్రాంతులు దాటినా నడుస్తోందంటే దాన్ని పంటల లెక్కకు తిప్పుకోబట్టే.

నాకు ప్రైవేటు స్కూల్లో టీచరు జీతం. మావారికి కొబ్బరితోట, కౌలుకిచ్చిన కొద్దిపాటి చేను ఉన్నాయి. ఇంట్లో అత్తయ్యగారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. జీతం ఒకటో తారీకున కాకపోతే ఐదో తారీకుకైనా వస్తుంది. కొబ్బరి డబ్బు మాత్రం దింపు పడినప్పుడే, అంటే చెట్ల మీంచి కాయలు దించినప్పుడే. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి, అదీ అంబాజీపేట మార్కెట్లో అప్పటికి వెయ్యి కాయలు ఎంత పలికితే అంత. ఒక దింపు ధరకీ ఇంకో దింపు ధరకీ పొంతన ఉండదు. కౌలు డబ్బు సార్వా (వానాకాలం వరి) అయ్యాక ఒకసారి, దాళ్వా (రెండో పంట) అయ్యాక ఒకసారి. ఇలాంటి ఇంట్లో "నెలకి ఎంత వస్తుంది?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

మొదట అందరూ చెప్పే 50-30-20 లెక్క చూశాం. పన్నులు పోను చేతికొచ్చిన దాంట్లో సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురు కలిసి రాసిన పుస్తకంతో 2005 నుంచి ఇది ప్రచారంలోకి వచ్చింది. లెక్కలో తప్పేం లేదు, మాకు చదివింపుల దగ్గర ఆగిపోయింది. చుట్టాల పెళ్లిలో చదివించేది అవసరమా, సరదానా? అత్తయ్యగారి దృష్టిలో అది పాలు, బియ్యం కన్నా ముందు. మావారేమో అది బాకీ అంటారు, వాళ్లు మన ఇంట్లో చదివించింది తిరిగి ఇవ్వడమే అని. ఆ కాగితం అక్కడితో మడిచేశాం.

కవర్ల పద్ధతిలో ఈ గొడవ లేదు. అది అవసరమో సరదానో ఎవరూ అడగరు, ఖర్చు ఉందంటే దానికో కవరు ఉంటుంది. కిరాణా, పాలు-కూరలు, చేపలు-మాంసం, పెట్రోలు, మందులు, చదివింపులు ఇలా. నెల మొదట్లో డబ్బు పంచేస్తాం. ఒక కవరు ఖాళీ అయితే ఇంకో దాంట్లోంచి తీసుకోవచ్చు, కానీ ఎంత తీశారో, ఎందుకు తీశారో చీటీ రాసి అందులో పడేయాలి. తీసుకోవద్దు అన్న రూలు పెట్టిన ఇళ్లలో కవర్లు నిలవవని నా నమ్మకం. తీసుకున్నది అందరికీ తెలిస్తే చాలు.

అసలు మార్పు వచ్చింది మాత్రం డబ్బుని రెండుగా విడదీశాక. నెల ఖర్చులన్నీ నా జీతంలోనే సరిపోవాలి. కొబ్బరి డబ్బు, కౌలు డబ్బు నెల కవర్లలోకి రాకూడదు, ఏడాదికోసారి మీద పడే ఖర్చులకే పోవాలి. ఇదివరకు దింపు పడిన వారం ఇంట్లో బిర్యానీ పార్సిళ్లు, కొత్త బట్టలు. జూన్‌లో ఫీజుల దగ్గరికొచ్చేసరికి అప్పు. ఏడాది ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే గానీ అది కనపడలేదు. మొదటి ఏడాది మా కాగితంలో సంక్రాంతికి 24,000, ఊరగాయలకు 6,000, చదివింపులకు 18,000, పిల్లల ఫీజులు, పుస్తకాలకు 48,000. మొత్తం 96,000, అంటే నెలకు 8,000 చొప్పున పక్కన పడాలి. కూడిక చిన్నదే గానీ, ఊరగాయలకు ఆరు వేలా అని మావారు రెండుసార్లు కూడి చూసుకున్నారు. కాయలు, కారం, ఆవాలు, నువ్వులనూనె విడివిడిగా కొంటుంటే ఎవరికి తెలుస్తుంది! హైదరాబాదులో ఉన్న మరిదిగారికీ, ఆడపడుచుకీ పంపే జాడీలు కూడా అందులోవే మరి.

ఇలా ఏడాది ఖర్చులకు పక్కన పెట్టే డబ్బు ఇంట్లో కవర్లో ఉంచడం కష్టం, కనిపిస్తే కరిగిపోతుంది. అంతకుముందు వీధిలో వేసుకునే చీటీలో కట్టేవాళ్లం. చిట్‌ఫండ్ నడపాలంటే 1982 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, వీధి చీటీలకు అవేమీ ఉండవు, నమ్మకం మీద నడుస్తాయి. మాకు నష్టమేమీ రాలేదు గానీ పండగ డబ్బు నమ్మకం మీద వదలడం నాకు ఇష్టం లేదు. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) నెలకు 100 రూపాయల నుంచి కట్టొచ్చు, కానీ అది ఐదేళ్లది, ఏడాదికోసారి తీసే ఖర్చుకు పనికిరాదు. అందుకని బ్యాంకులో పన్నెండు నెలల ఆర్‌డీ పెట్టుకున్నాం, ప్రతి జనవరి మొదటివారంలో చేతికొచ్చేలా.

ఇక చిరాకు పెట్టిన సంగతులు. అన్నిటికన్నా పెద్దది ఫోన్ పేమెంట్లు. కవర్లో నోట్లు అలాగే ఉంటాయి, ఖాతాలో డబ్బు అయిపోతుంది. కొన్నాళ్లు ఫోన్లో కట్టినంత నోట్లు కవర్లోంచి తీసి డబ్బాలో వేసేవాళ్లం, అదొక ప్రహసనం. చివరికి చిల్లర ఖర్చులకు యూపీఐ లైట్ వాడుతున్నాం, ఖాతాలోంచి కొంత డబ్బు ముందే ఫోన్లో విడిగా వేసుకుని అందులోంచి కట్టడం. అందులో ఒకేసారి 5,000 రూపాయలకు మించి ఉంచలేం, ఒక్కో చెల్లింపు 1,000 దాటదు. చాలామందికి ఇది ఇబ్బంది, మాకు అదే కావాలి. నా ఫోన్లో లైట్ బ్యాలెన్సే పాలు-కూరల కవరు. ఒక లోటుంది. లైట్‌లో డబ్బు వేసుకున్నది మాత్రమే పాస్‌బుక్కులో పడుతుంది, ఎవరికెంత కట్టామో యాప్‌లోనే చూసుకోవాలి. అత్తయ్యగారు మాత్రం నోట్లే, వారి కవరే ఇంట్లో అన్నిటికన్నా పద్ధతిగా ఉంటుంది.

రెండోది కిరాణా ఖాతా. ఖాతా పుస్తకంలో రాయించుకుంటే కవరుకి అర్థం లేదని మానేస్తే, షాపాయన మావారిని దార్లో ఆపి "ఆయ్, ఖాతా తీసేశారంటండీ, మా వల్ల ఏమైనా తప్పు జరిగిందాండీ?" అని అడిగారు. మావాళ్లలో ఖాతా అంటే అరువు ఒక్కటే కాదు, తరాల పరిచయం. ఇప్పుడు ఖాతా ఉంది, ఆదివారం ఆదివారం తీర్చేస్తాం. పుస్తకాలు రాసేవాళ్లకి ఇలాంటివి తగలవేమో.

మూడోది పిల్లలు. నెల మొదటి ఆదివారం అందరం కూర్చుని కవర్లు చూసుకుంటాం. అబ్బాయి మొదట్లో "మన దగ్గర డబ్బుల్లేవా?" అని రాత్రి మళ్లీ అడిగేవాడు. అమ్మాయిది ఇంకా కష్టం, కావాల్సిన గైడు కూడా అడగడం మానేసింది, వాళ్ల స్నేహితురాలు చెబితే తెలిసింది. లెక్కలన్నీ పిల్లల ముందు పెట్టాలని గట్టిగా చెప్పేవాళ్లతో నేను పూర్తిగా ఒప్పుకోను. ఇప్పుడు వాళ్ల ముందు కిరాణా, కరెంటు, సరదాల కవర్లే విప్పుతాం. అప్పులు, ఆసుపత్రి డబ్బు వాళ్లు పడుకున్నాక.

దానికి తోడు ప్రతి ఒక్కరికీ లెక్క చెప్పక్కర్లేని డబ్బు కొంత ఇస్తాం. తక్కువే, కానీ ఎవరూ ఏం చేశావని అడగకూడదు. మావారు సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పెట్టేది అందులోంచే, అయిపోతే పందెం చూసి ఇంటికి రావడమే. ఈ ఒక్క కవరు వల్ల మా ఇంట్లో తగ్గిన గొడవలు ఏ పొదుపు వల్లా తగ్గలేదు.

పులస సంగతి వేరే చెప్పాలి. వరదలప్పుడు సముద్రం నుంచి గోదారికి ఎదురీదే ఆ చేప కిలో వేలల్లో ఉంటుంది. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత పుట్టించినవాళ్ల ఇంట్లో కవర్లు ఉండి ఉండవు. మా చేపల కవరు దానికి చాలదు. అత్తయ్యగారు తన సొంత డబ్బులోంచి సగం వేసి, "మిగతాది మీ కవర్లలో ఎక్కడినుంచి తీస్తారో మీ ఇష్టం" అంటారు. ఏటా చీటీ రాసి చదివింపుల్లోంచే తీస్తాం, శ్రావణం పెళ్లిళ్లకు వెతుక్కుంటాం.

వచ్చే ఏడాది అమ్మాయి హాస్టలుకి వెళ్తుంది. తనకోసం యూపీఐ సర్కిల్ చూస్తున్నాం. మన ఖాతాలోంచే తను కట్టుకోవచ్చు, పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 వరకు పరిమితి. లేదా ప్రతిసారీ మన పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. ప్రతిసారీ అడిగేలా వద్దని అమ్మాయి అప్పుడే చెప్పేసింది, నెలకెంత కావాలో తనే రాసి తెస్తానంది. మెస్సు బిల్లు అందులో కలపాలా వద్దా అని మావారు పట్టుకున్నారు, వచ్చే ఆదివారం తేలాలి.