పుట్టుకతో వచ్చిందా, విని నేర్చిందా?

పర్లాకిమిడిలో మా మేనకోడలికి మూడేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా; ఎవరితో ఏది మాట్లాడాలో తడుముకోదు. ఈ తెలివి లోపలిదా, బయటిదా?

బయటిదేనంటాడు 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్: మనసు తెల్లకాగితం, రాసేది అనుభవం. కాదంటాడు జర్మన్ తత్వవేత్త లైబ్‌నిజ్: మనసు చారలున్న పాలరాయి, శిల్పం ఎటు తిరగాలో ఆ చారల్లోనే కొంత ఉంది.

లాక్ పక్షాన గట్టి సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. పుట్టుకతో చూపులేక, ఆపరేషన్ తర్వాత చూపొచ్చిన పిల్లల్ని మెదడు శాస్త్రవేత్త పవన్ సిన్హా బృందం పరీక్షించింది. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. చేత్తో తడిమిన వస్తువు ఏదో వాళ్లు కంటితో చూసి చెప్పలేకపోయారు. కన్నుకూ చేతికీ చుట్టరికం పుట్టుకతో లేదన్నమాట! చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అయితే కొద్దిరోజుల్లోనే ఆ నేర్పు పట్టుబడింది. అంత త్వరగా ఎలా? అక్కడ నాకు పాలరాతి చారలే గుర్తొస్తాయి.

భాష విషయంలోనూ నేను లైబ్‌నిజ్ వైపే మొగ్గుతాను. ఇంట్లో మాటలన్నీ పెరట్లో ఆవూ వింటుంది, పలకదు కదా. కానీ ఏ మాటలన్నది మాత్రం చెవి పుణ్యమే. ఇదే ఊళ్లో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు కొండల్లోని గిరిజనుల సవర భాషను పెద్దయ్యాక సవరల దగ్గరే నేర్చుకున్నారు. ఆ కొండల్లో పుట్టి ఉంటే మా పిల్లా సవరలోనే మారాం చేసేది.