ఫెలోషిప్ దరఖాస్తు కోచింగ్: వ్యాసం వరకు బాగుంది, రూల్స్ దగ్గర బోల్తా

అమెరికా ఆర్మీలో పద్నాలుగేళ్లు చేశాక విదేశాంగ విధానం మీద ఒక ఏడాది ఫెలోషిప్ చేద్దామనిపించి, దరఖాస్తులు దిద్దిపెట్టే ఒక ఆన్‌లైన్ సర్వీసు తీసుకున్నాను. పేరు వద్దులెండి.

వ్యాసం దిద్దడంలో మాత్రం దిట్టలు. "బెటాలియన్ స్థాయిలో బహుళపక్ష కార్యకలాపాలను సమన్వయపరిచాను" అని మొదలుపెడితే, ఎడిటర్ పక్కన "అంటే పొద్దున లేచి ఏం చేసేవారు?" అని రాసింది. ముందు ఒళ్లు మండింది కానీ, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కుంటుంటేనే, ఒక వంతెన మీద ముందు ఎవరి కాన్వాయ్ వెళ్లాలని మిత్రదేశపు అధికారులతో మూడు గంటలు వాదించిన సంగతి గుర్తొచ్చి, వ్యాసం అక్కణ్ణుంచే మొదలైంది. మెడల్‌తో ఇచ్చే ప్రశంసాపత్రాల్లోని ఆ బరువైన భాష మనకి అంత తొందరగా వదలదు మరి.

రూల్స్ దగ్గరే తేలిపోయారు. కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ అనే అమెరికా విదేశాంగ విధాన అధ్యయన సంస్థలో 1967 నుంచి నడుస్తున్న ఇంటర్నేషనల్ అఫైర్స్ ఫెలోషిప్ వేరు, మిలిటరీ ఫెలోలు వేరు. ఈ మిలిటరీ ఫెలోలని ఆయా దళాల చీఫ్‌లు నామినేట్ చేసేవారు, మనంతట మనం ఫారం నింపి పంపేది కాదు. ఈ తేడా కోచ్‌కి నేనే చెప్పాల్సొచ్చింది! ఫెలోషిప్ తర్వాత ఆర్మీలో అదనంగా చేయాల్సిన సర్వీసు ఊసైతే అసలు ఎత్తలేదు, అది మా పర్సనెల్ (సిబ్బంది వ్యవహారాల) ఆఫీసర్ చెబితే తెలిసింది.

మాక్ ఇంటర్వ్యూ దండగ. వ్యాసం ప్యాకేజీ ఒక్కటే తీసుకోండి. మూడు స్టార్లు.