తల్లి పేరిట వచ్చే నగదు సాయం: ఒక సేవగా తూచి చూస్తే

పిల్లల తిండికీ చదువుకూ అని ప్రభుత్వాలు కుటుంబాలకు నేరుగా ఇచ్చే నగదును ఉదారతగా కాక, బ్యాంకును తూచినట్టే ఒక సేవగా, అంటే సొమ్ము ఎవరి చేతికి, ఎంత శ్రమతో, ఎంత నికరంగా అందుతోందన్న లెక్కన ఇక్కడ తూచదలిచాను.

మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా అనే నగదు సాయం పథకం రెండు నెలలకొకసారి తల్లికే సొమ్ము చెల్లించడమే కాక, ఆడపిల్లలు బడి మానేసే మాధ్యమిక తరగతుల్లో వారికి మగపిల్లల కన్నా ఎక్కువ మొత్తం కేటాయించింది. ఈ ఏర్పాటుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. అయితే 85 శాతం హాజరు, ఆరోగ్య పరీక్షలు, సమావేశాలు అంటూ పెట్టిన షరతుల వెంట తిరిగే పని కూడా ఆ తల్లి నెత్తినే పడింది. ఆ తిరుగుడుకు కూలి కట్టినవారు లేరు.

తల్లికిస్తే చాలు, బిడ్డకు చేరినట్టేనా? దక్షిణాఫ్రికాలో 1990ల తొలినాళ్లలో నల్లజాతి వృద్ధులకు విస్తరించిన పింఛనును ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో పరిశీలించినప్పుడు, అది అవ్వల చేతికి వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల ఎత్తుకు తగిన బరువు మెరుగుపడిందనీ, తాతలు అందుకున్న ఇళ్లలో అలాంటి మార్పు కనబడలేదనీ తేలింది. కానీ మొరాకోలో తైసీర్ అనే నగదు సాయం పథకంపై జరిగిన ప్రయోగంలో తల్లికిచ్చినా తండ్రికిచ్చినా పిల్లల బడి హాజరులో పెద్ద తేడా రాలేదు. హాజరు షరతు లేకుండా, ఇది చదువు కోసమని చెప్పి ఇచ్చిన సొమ్ము కూడా బడి మానేసేవారిని తగ్గించింది. కాబట్టి పేరు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో సేవ నాణ్యతను తేల్చేయడం తొందరపాటే అవుతుంది.

అసలు లోపం చివరి గజం దూరంలో ఉంటుంది. కార్డుపై పేరు ఆమెదే, పిన్ అంకెలు రాసుకున్న కాగితం మాత్రం భర్త చొక్కా జేబులో ఉంటే, లెక్కల్లో లబ్ధిదారు మహిళే అయినా ఖర్చు నిర్ణయం ఆమెది కాదు. చంకలో బిడ్డతో వరుసలో నిలబడి సొమ్ము చెల్లించే కిటికీ దాకా చేరాక, పనులతో అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తించకపోతే, ఆ రోజు కూలీ పోతుంది, సొమ్మూ రాదు.

షరతులు తక్కువ, చెల్లింపు తేదీ ఖాయం, సొమ్ము తీసుకునే చోటు నడిచి వెళ్లేంత దగ్గర: ఈ మూడూ ఉన్నచోట ఈ సేవను నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. ఫిర్యాదుల విభాగానికి మాత్రం ఒక్క మార్కు కూడా వేయలేను. సొమ్ము ఆగిందని చెప్పుకోవడానికి ఆమె మళ్లీ బిడ్డనెత్తుకుని ఆ కిటికీ దగ్గరికే రావాలి.