ఒక టన్నా, ఒకటిన్నరా? మన గదికి ఏ ఏసీ మేలు?

ఏసీల దుకాణంలో అమ్మకందారు ముందుగా అడిగేది గది కొలతే. పది బై పన్నెండు అంటే ఒక టన్ను, పన్నెండు బై పధ్నాలుగు అంటే ఒకటిన్నర, అంతకు మించితే రెండు. కాస్త తటపటాయించామా, "ఎందుకైనా మంచిది, ఒకటిన్నర తీసుకోండి" అంటారు. ఈ లెక్క పూర్తిగా తప్పేమీ కాదు. కాకపోతే అది నేలను మాత్రమే కొలుస్తుంది. గదిలోకి వేడి వచ్చే దారులు పైకప్పు, పడమటి గోడ, కిటికీ అద్దం. అందుకే ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే కొలతలున్న రెండు పడకగదుల్లో, రెండో అంతస్తు వారికి ఒక టన్ను హాయిగా సరిపోతుంది. డాబా కింద ఉండే అయిదో అంతస్తు వారికి అదే ఏసీ రాత్రంతా నడిచినా ఉక్కపోత వదలదు.

ముందు టన్ను సంగతి చూద్దాం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడిని బయటికి పంపే శక్తి, అంటే సుమారు 3,500 వాట్లు. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుకు 5,275 వాట్లు ఉండాలి. ఏసీ ఎంత కరెంటు పొదుపు చేస్తుందో స్టార్లలో చూపే ప్రభుత్వ సంస్థ బీఈఈ లేబుల్ మీద శీతలీకరణ సామర్థ్యం వాట్లలో ఉంటుంది. అది చదివితే ఒకటిన్నర పేరుతో అమ్మే ఏసీల్లో కొన్ని 5,000 వాట్లకు అటూ ఇటూగా కనిపిస్తాయి. రెండు కంపెనీల ఏసీలను పోల్చేటప్పుడు డబ్బా మీది టన్నును వదిలేసి ఈ అంకెనే చూడాలి. పైగా ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు దాటితే ఏ ఏసీ అయినా లేబుల్ మీద ఉన్నంత చల్లదనం ఇవ్వదు. సరిగ్గా మనకు ఎక్కువ కావలసిన వేళకే అది తక్కువ ఇస్తుంది.

ఇప్పుడు 120 చదరపు అడుగుల గదిని తూకం వేద్దాం. ఇద్దరు మనుషులు కూర్చుంటే వారి ఒంటి వేడి రెండు వందల వాట్లకు కొంచెం పైన. ఫ్యాను, టీవీ, దీపాలు కలిపి మరో నూట యాభై. ఇవి చిన్నవే. పైన ఎండ సోకే స్లాబు ఉంటే మాత్రం ఆ ఒక్క దారిలోనే, ఉజ్జాయింపుగా, తొమ్మిది వందల వాట్ల వేడి దిగుతుంది. ఒక టన్ను ఏసీ శక్తిలో నాలుగో వంతు అక్కడికే సరి. పడమటి వైపు నాలుగడుగుల కిటికీ ఉండి, సజ్జ గానీ తెర గానీ లేకపోతే, సాయంత్రం ఎండ ఇంకో ఆరేడు వందల వాట్లు లోపలికి పంపిస్తుంది. ఇవి కాక గోడల వేడి, తలుపు సందుల్లోంచి దూరే గాలి ఉండనే ఉన్నాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, కాంక్రీటు పగలంతా మింగిన వేడిని సూర్యుడు అస్తమించాక గంటల తరబడి కిందికి వదులుతూనే ఉంటుంది. మనం ఏసీ వేసేది సరిగ్గా ఆ వేళకే.

కాబట్టి నా తీర్పు ఇది. పైన ఇంకో అంతస్తు ఉండి, పడమటి ఎండ లేని 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు. అంతకు మించి కొంటే డబ్బు దండగ. అదే గది డాబా కింద ఉంటే ఒకటిన్నర తీసుకోవాలి. 120 నుంచి 150 మధ్య గదులకే అసలు తర్జనభర్జన. అక్కడ తేల్చవలసింది యంత్రం రకం.

పాత పద్ధతి ఏసీలో కంప్రెసర్ నడిస్తే పూర్తి వేగంతో నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. గదికి మించిన సైజు పెడితే అయిదు నిమిషాల్లో గాలి చల్లబరిచి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఇలా ఆగుతూ మొదలవుతూ ఉంటే కంప్రెసర్ మీద భారం పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం తేమ మిగిలిపోవడం. లోపలి కాయిల్ కొంతసేపు ఎడతెరిపి లేకుండా చల్లగా ఉంటేనే గాలిలోని తేమ నీరై గొట్టం గుండా బయటికి పోతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఇది పెద్ద విషయం. అక్కడ బాధ ఎండకంటే చెమటది. పెద్ద ఏసీ పెట్టినా గది చల్లగా, దుప్పటి తడిగా ఉంటుందన్నమాట. ఖమ్మం, నల్గొండ వైపు పొడి ఎండల్లో ఈ దోషం అంతగా తెలియదు.

ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది. అందువల్ల సైజు కొంచెం పెరిగినా శిక్ష చిన్నదే. తగ్గితే మాత్రం అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడవాలి, అప్పుడు ఇన్వర్టర్ కొన్న లాభమే పోతుంది. ఇన్వర్టర్ కొనేవారు అనుమానం వస్తే పై సైజుకు వెళ్లవచ్చు. ఒకటిన్నర టన్నును సగానికి తగ్గించి నడిపే మీట ఉన్న నమూనాలైతే ఇంకా నయం. మామూలు ఏసీ కొనేవారు, ముఖ్యంగా కోస్తాలో, లెక్కకు దగ్గరగా ఉన్న సైజుకే కట్టుబడాలి.

ఒకే ధరకు ఒక టన్ను అయిదు స్టార్లు, ఒకటిన్నర మూడు స్టార్లు ఎదురెదురుగా కనిపిస్తే? ముందు టన్ను, తర్వాత స్టార్లు. చాలని ఏసీకి ఎన్ని స్టార్లున్నా మనకు కలిసొచ్చేది లేదు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉండేది 1,600 గంటల వాడకానికి. మార్చి నుంచి జూన్ దాకా రాత్రి ఎనిమిదేసి గంటలు వాడితే వెయ్యి గంటలు కూడా కావు. రెండు లేబుళ్ల మధ్య 200 యూనిట్ల తేడా ఉంటే మీకు మిగిలేది సుమారు 120. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇంటికి అయిదు స్టార్లు తప్పక లాభం. పడుకునే వేళకు మాత్రమే వేసేవారు అదనంగా పెట్టే డబ్బు ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో ఒక కాగితం మీద వేసి చూసుకోవాలి.

డాబా కింద ఇల్లయితే ఏసీకి ముందే చేయదగిన పని ఒకటుంది: పైకప్పుకు తెల్లటి కూల్ పెయింట్. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. పెయింట్ వేసి, పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడిక కడితే, ఒకటా, ఒకటిన్నరా అన్న ఊగిసలాటలో ఉన్న చాలా గదులు ఒకటిన్నర నుంచి ఒకటికి దిగివస్తాయి. ఏసీని 26లో పెట్టి పైన ఫ్యాను తిప్పుకునే అలవాటున్న వారికి ఇది మరీ సులువు. 18లో పెట్టి రగ్గు కప్పుకునే వారికి ఏ టన్నూ చాలదు, వారి సంగతి వేరు.

హాలూ భోజనాల చోటూ కలిసిపోయిన 250 చదరపు అడుగులకు రెండు టన్నుల ఏసీ ఒకటా, ఒక టన్నువి రెండా? నేను రెండింటికే ఓటు వేస్తాను. ఇద్దరే ఉన్నప్పుడు ఒకటి వేసుకోవచ్చు, ఒకటి పాడైతే రెండోది ఉంటుంది. కొనే ఖర్చు, సర్వీసు ఖర్చు పెరిగే మాట నిజమే. అద్దె ఇంట్లో ఉంటూ ఏడాదికో ఇల్లు మారేవారైతే రెండింటిని విప్పించి బిగించే తంటా ఎందుకు, ఒకటే మేలు. అయితే రెండు టన్నుల ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉండాలి. పాత ఇళ్లలో చాలాసార్లు ఇవి ఉండవు, కొనేముందే ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. అవుట్‌డోర్ యూనిట్‌కు గాలి ఆడే చోటు కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. నాలుగు వైపులా మూసిన బాల్కనీలో పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది.