గ్రిడ్ లైనా, మినీగ్రిడ్డా, ఇంటికో సోలార్ కిట్టా: కరెంటు లేని ఊరికి ఏది మేలు?

2022 నాటికి ప్రపంచంలో సుమారు 68.5 కోట్ల మందికి కరెంటు లేదు. వాళ్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల వాళ్లే. వాళ్ల ఊళ్లకు వెలుగు చేరడానికి మూడు దారులున్నాయి: సబ్‌స్టేషన్ నుంచి గ్రిడ్ లైను లాగడం, ఊరి వరకే సోలార్ మినీగ్రిడ్ కట్టడం, ఇంటింటికీ విడిగా సోలార్ కిట్ పెట్టడం. లైను ఎంత దూరంలో ఉందో చూసి ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవడం మామూలైపోయింది. దూరం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఇళ్లెన్ని, ఎంత దగ్గరగా ఉన్నాయి, పగటిపూట మోటార్లతో పని ఎంత, చెడితే బాగుచేసే మనిషి ఎక్కడుంటాడు అన్నవి కూడా దూరంతో సమానంగా తూగుతాయి.

అసలు ‘కరెంటు ఉంది’ అంటే ఎంత ఉన్నట్టు? ప్రపంచ బ్యాంకు 2015లో తెచ్చిన కొలమానంలో ఐదు అంచెలున్నాయి. మొదటి అంచెకు 3 వాట్లు, రోజుకు 4 గంటలు చాలు. అంటే ఒక దీపం, ఫోను ఛార్జింగ్. రెండో అంచెకు 50 వాట్లు, రోజుకు 200 వాట్‌అవర్లు (వెయ్యి వాట్‌అవర్లు ఒక యూనిట్) కావాలి. ఐదో అంచెకు 2 కిలోవాట్లు, 23 గంటలు. స్తంభం నాటి మీటరు పెట్టినా సాయంత్రం సరఫరా లేని ఇల్లు ఈ కొలత ప్రకారం మంచి కిట్ ఉన్న ఇంటికన్నా కింది అంచెలోనే ఉంటుంది. నా దృష్టిలో ఇది న్యాయమైన కొలత. లెక్కించాల్సింది చేతికందే కరెంటును, నాటిన స్తంభాలను కాదు.

కిట్‌తో మొదలుపెడదాం. 5 వాట్ల దీపాలు నాలుగింటిని ఐదేసి గంటలు వెలిగిస్తే 100 వాట్‌అవర్లు, రెండు ఫోన్లకు 20, 20 వాట్ల డీసీ టీవీ (బ్యాటరీ మీద నేరుగా నడిచేది) నాలుగు గంటలకు 80, 20 వాట్ల డీసీ ఫ్యాను ఐదు గంటలకు 100. మొత్తం 300. ఎండ రోజుకు నాలుగున్నర గంటల పూర్తి తీవ్రతతో సమానమనీ, దుమ్ము, వేడి, తీగ, బ్యాటరీ నష్టాలు పోను 65 శాతం మిగులుతుందనీ తీసుకుంటే 100 వాట్ల ప్యానెల్ కావాలి. రెండు రోజుల మబ్బుకు ఓర్చుకోవాలంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్‌అవర్లు ఉండాలి, ఎందుకంటే దాన్ని సగానికి మించి ఖాళీ చేయకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 60 సరిపోతుంది.

కిట్లు పాడయ్యేది ఎక్కువగా ప్యానెల్ వల్ల కాదు. బ్యాటరీ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడే ఛార్జ్ కంట్రోలర్‌ను తప్పించి బ్యాటరీకి నేరుగా ఇన్వర్టరు తగిలిస్తారు. బ్యాటరీ అడుగంటుతుంది, అలా కొన్ని వారాలు ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జి ఎక్కదు. రెండో జబ్బు సన్న తీగ. 12 వోల్టుల మీద 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 10 మీటర్ల దూరానికి 5 ఆంపియర్లు పంపితే 1.8 వోల్టులు, అంటే 15 శాతం, దారిలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం 0.75 వోల్టులకు దిగుతుంది. ప్యానెల్ మీద ఒక మూల చెట్టు నీడ పడినా ఉత్పత్తి ఒక్కసారిగా తగ్గుతుంది.

ఇళ్లు చెల్లాచెదురుగా, పొలానికొకటిగా ఉన్న చోట కిట్‌ను మించింది లేదు. కెన్యాలో లాగా మొబైల్ డబ్బుతో రోజువారీ చిన్న వాయిదాలు కట్టే పద్ధతి వచ్చాక పేద ఇంటికీ అది అందుబాటులోకి వచ్చింది. కానీ పిండిమర, వెల్డింగ్, పెద్ద నీటి మోటారు, విద్యుత్ పొయ్యి దీని వల్ల కావు.

గ్రిడ్ బలం ఇక్కడే ఉంది. ఎంత పెద్ద లోడైనా మోస్తుంది, యూనిట్ ధర తక్కువ, రాత్రికీ పగటికీ తేడా లేదు. ఖర్చంతా చివరి కొన్ని కిలోమీటర్లలో పేరుకుంటుంది. నెలకు కొద్ది యూనిట్లే వాడే ఇంటి బిల్లు మీటరు రీడింగ్, మరమ్మతు ఖర్చులకే చాలదు కాబట్టి నష్టాల్లో ఉన్న విద్యుత్ సంస్థ ఆ ఊరికి వెళ్లే ఫీడర్ లైనును పట్టించుకోదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు మించుతుంది, ఫ్యూజు పోతుంది, ఎవరో లావు తీగ చుట్టేస్తారు, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట కాలిపోతుంది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400కు దగ్గరగా వచ్చి ఉన్న సామానంతా పోతుంది. అందుకే న్యూట్రల్‌ను చాలాచోట్ల ఎర్త్ చేయాలి.

ఎల్‌టీ లైనును, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజీ లైనును, సాగదీయడం మరో తప్పు. 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ కిలోమీటరుకు 0.87 ఓమ్‌లు. 500 మీటర్ల చివర సింగిల్ ఫేజ్‌లో 20 ఆంపియర్లు తీసుకుంటే రానూపోనూ తీగలో 17 వోల్టులు, అంటే 7.5 శాతం పడిపోతాయి. అంతకు మించి సాగదీసే బదులు చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇళ్ల మధ్యకు తేవడం నయం.

ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చే ఎక్కువ వోల్టేజీ లైను, అంటే హెచ్‌టీ లైను, ఖర్చు తగ్గించే పాత ఉపాయం ఒకటుంది. ఒకే తీగ లాగి, తిరుగు దారిగా భూమిని వాడే పద్ధతిని న్యూజీలాండ్‌లో లాయిడ్ మాండెనో అనే ఇంజినీరు 1925 ప్రాంతంలో రూపొందించాడు. ఆస్ట్రేలియా పల్లెల్లో ఇప్పటికీ రెండు లక్షల కిలోమీటర్ల మేర అది నడుస్తోంది. 19.1 కిలోవోల్టుల మీద 8 ఆంపియర్లు పంపితే సుమారు 150 కేవీఏ (దాదాపు అన్ని కిలోవాట్లు). కొన్ని చిన్న ఊళ్ల దీపాలకు, ఫ్యాన్లకు అది చాలు. త్రీఫేజ్ మోటారు మాత్రం నేరుగా తిరగదు. ఎర్త్ విషయంలో రాజీ పనికిరాదు: 5 ఓమ్‌ల ఎర్త్‌లో 8 ఆంపియర్లు పారితేనే కడ్డీ దగ్గర 40 వోల్టులు లేస్తాయి, ఎర్త్ తీగ తెగితే ప్రాణాంతకమైన వోల్టేజీ వస్తుంది. కాబట్టి ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు విడి ఎర్త్ తీగలు దించాలి. పొడి రాతినేల ఉన్నచోట ఈ పద్ధతి జోలికి వెళ్లవద్దు.

లైను ఇంటి ముందు దాకా వచ్చాక కూడా చాలామంది కనెక్షన్ తీసుకోలేరు. కెన్యాలో ఆ రుసుము 35,000 షిల్లింగులుండేది, 2015లో దాన్ని 15,000కు తగ్గించారు. ఇంటి లోపలి వైరింగ్ ఖర్చు దానికి అదనం. దక్షిణాఫ్రికాలో 1990లలో ప్రీపెయిడ్ మీటర్లతో పాటు బ్రేకరు, సాకెట్లు, దీపం హోల్డరు ఒకే పెట్టెలో బిగించిన రెడీబోర్డులు ఇచ్చి ఆ అడ్డు తొలగించారు. ఏ గ్రిడ్ పథకానికైనా బడ్జెట్‌లో ఈ పద్దు లేకపోతే ఆ పథకం సగమే.

ఇక మినీగ్రిడ్. 150 ఇళ్లు ఇంటికి 300 వాట్‌అవర్ల చొప్పున రోజుకు 45 యూనిట్లు, పిండిమర, నీటి మోటారు, వెల్డింగ్ కలిపి 30 అనుకుందాం. మొత్తం 75 యూనిట్లకు 24 కిలోవాట్ల ప్యానెళ్లు, రాత్రి వాడే 40 యూనిట్లకు 50 కిలోవాట్‌అవర్ల లిథియం బ్యాటరీ, మబ్బు రోజులకు చిన్న డీజిల్ జనరేటరు కావాలి. బ్యాటరీ దాటి వచ్చే రాత్రి యూనిట్ ఖరీదు, ప్యానెల్ నుంచి నేరుగా వచ్చే పగటి యూనిట్ చవక. అందుకే పగటి పని ఉన్న ఊళ్లోనే మినీగ్రిడ్ నిలబడుతుంది. ప్రపంచ బ్యాంకు 2022 లెక్క ప్రకారం మంచి మినీగ్రిడ్‌లో యూనిట్‌కు 38 అమెరికన్ సెంట్లు పడితే, పగటి పనులు పెరిగి సామర్థ్యంలో 40 శాతం వాడకానికి వస్తే 28 సెంట్లకు దిగుతుంది. దీపాల కోసమే కట్టిన మినీగ్రిడ్ కొన్నేళ్లకు బ్యాటరీ మార్చే డబ్బు లేక ఆగిపోయే ప్రమాదంలో ఉంటుంది.

పిండిమర విషయంలో జాగ్రత్త. 5.5 కిలోవాట్ల త్రీఫేజ్ మోటారు మామూలుగా 11 ఆంపియర్లు తీసుకుంటుంది, నేరుగా స్టార్ట్ చేస్తే ఆరు రెట్లు, అంటే 45 కేవీఏ. 20 కేవీఏ ఇన్వర్టరు ట్రిప్పయి ఊరంతా చీకటి. మోటారు వేగాన్ని మెల్లగా పెంచే వేగ నియంత్రణ డ్రైవ్ పెడితే ఈ బెడద పోతుంది. పదిహేను ఇళ్లు ఒకేసారి 1,500 వాట్ల కెటిల్ పెట్టినా అదే గతి కాబట్టి మీటరులోనే లోడు పరిమితి ఉండాలి.

దూరం లెక్కకు వద్దాం. స్తంభాలు, ఎల్‌టీ తీగలు, సర్వీసు వైర్లు గ్రిడ్‌కూ మినీగ్రిడ్‌కూ ఉమ్మడి, కాబట్టి వాటిని వదిలేయండి. ఇంటికి మినీగ్రిడ్ ఉత్పత్తి జీవితకాలపు ఖర్చులోంచి అదే కరెంటును గ్రిడ్ నుంచి కొనే ఖర్చు తీసేసి, ఇళ్ల సంఖ్యతో గుణించి, కిలోమీటరు హెచ్‌టీ లైను ఖర్చుతో భాగించండి. ఉదాహరణకు 900 డాలర్లలో 300 పోను 600, 150 ఇళ్లకు 90,000. లైను కిలోమీటరు 15,000 అయితే 6 కిలోమీటర్ల లోపు గ్రిడ్ మేలు. ఇళ్లు 40 మాత్రమే అయితే ఆ హద్దు 1.6 కిలోమీటర్లకు వచ్చేస్తుంది. ఆ సబ్‌స్టేషన్‌లో సాయంత్రం ఐదారు గంటలు కోత ఉంటే ఈ లెక్క చెల్లదు, మినీగ్రిడ్ వైపే మొగ్గాలి.

తరువాత గ్రిడ్ వస్తే? బంగ్లాదేశ్‌లో 2003 నుంచి 40 లక్షలకు పైగా ఇళ్లకు సోలార్ కిట్లు పెట్టారు, గ్రిడ్ వేగంగా పాకడంతో 2013 తర్వాత వాటి గిరాకీ పడిపోయింది. ఆలోగా ఆ ఇళ్లు చాలా ఏళ్లు వెలుగులో ఉన్నాయి, దాన్ని వృథా అనలేం. మినీగ్రిడ్ కథ వేరు, పెట్టుబడి పెద్దది. కంబోడియాలో 250కి పైగా మినీగ్రిడ్‌లు గ్రిడ్ రాగానే మూతపడలేదు, టోకున కరెంటు కొని ఊళ్లో పంచే సంస్థలుగా మారాయి. నైజీరియా 2016 నిబంధనల్లో రెండు దారులు రాశారు: గ్రిడ్‌తో కలిసి నడవడం, లేదా పరిహారం తీసుకుని అప్పగించడం.

ఈ వీలు ఉండాలంటే మొదటిరోజే స్తంభం ఎత్తు, తీగ మందం, 50 హెర్ట్జ్ ఏసీ, ఎర్తింగ్ అన్నీ ఆ దేశపు గ్రిడ్ ప్రమాణాల ప్రకారం ఉండాలి. సన్న తీగలతో, డీసీలో కట్టినదాన్ని గ్రిడ్ వచ్చిన రోజు పీకి పారేయాల్సిందే. పరిహారం తరుగుదల పోను మిగిలిన విలువ మీద కడతారు కాబట్టి స్తంభం, తీగ, మీటరు, బ్యాటరీ ఒక్కొక్కటీ కొన్న తేదీ, ధరతో ఆస్తుల రిజిస్టరులో విడివిడిగా రాసి, ఏటా తనిఖీ చేయించి ఉంచాలి.