శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఆయాసం వచ్చింది: కర్నూలులో నేను చేరిన ధ్యానం క్లాసు

నాకు ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు 41 ఏళ్లు. పెరిగింది బేతంచెర్లలో, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల పక్కన, కాబట్టి దుమ్ము గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. మా డాక్టర్ ప్రతిసారీ ‘టెన్షన్ తగ్గించుకోండి’ అంటాడు, ఎట్లా తగ్గించుకోవాలో మాత్రం చెప్పడు. ఇప్పుడుండేది కర్నూలులో, పిరమిడ్ ధ్యానం మొదలైన ఊరు కదా, ధ్యానానికి కొరతేముంది అని మా వీధికి దగ్గర్లోనే ఒక చోట చేరాను. ఎనిమిది వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, ఫీజు 1,500. పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి రోజు లోపలికి పోతూనే అగరుబత్తి పొగ. గుప్పుమని కాదు, గది మూలల్లో పొగ నిలబడిపోయి ఉంది. పది నిమిషాలకే ఛాతీలో పిల్లికూతలు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని ఇన్హేలర్ పంపుతో రెండు పఫ్‌లు పీల్చుకుంటుంటే అక్కడ సేవ చేసే ఒకాయన వచ్చి, ‘నెల రోజులు కూర్చోండన్నా, ఈ పంపు మీరే పారేస్తారు’ అన్నాడు. ఆయనకు మంచి మనసే, మాట మాత్రం చాలా ప్రమాదం. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటుంది, రోజూ వాడే ఇన్హేలర్ ఆ వాపును అణిచి ఉంచుతుంది. బాగానే ఉంది కదా అని మానేస్తే వాపు మెల్లగా తిరిగొస్తుంది, ఒక రాత్రి ఆస్పత్రికి పరిగెత్తాల్సొస్తుంది. నా 27వ ఏట ఆ పని చేసి చూశాను, చాలు.

మరి క్లాసు మానేయకుండా ఎందుకు వెళ్లానంటే, నేర్పిన మేడం వల్ల. అందరికీ ముక్కు దగ్గర గాలి వచ్చేదీ పోయేదీ గమనించమన్నారు. మామూలు వాళ్లకు అది హాయి. నాకు మాత్రం శ్వాసను గమనించడమంటే దొంగ కోసం కాపలా కూర్చున్నట్టే, ‘ఇప్పుడు పట్టేస్తుందా, ఇప్పుడా’ అని. చెబితే ఆమె వెంటనే, ‘శ్వాస వద్దు, అరచేతులు మోకాళ్ల మీద పెట్టి ఆ బరువు చూడండి, లేదంటే రోడ్డు మీద శబ్దాలు వినండి’ అన్నారు. అప్పటి నుంచి నా ధ్యానమంతా కింద పోయే ఆటోల హారన్లే. నవ్వొద్దు, పని చేసింది. అగరుబత్తి కూడా రెండో వారం నుంచి ఆమే ఆపించారు.

ఏం మారిందంటే, ఊపిరి కాదు. గాలి ఎంత జోరుగా ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఊదితే చేరకముందు 340, అయ్యాక 350, అంటే ఏమీ లేనట్టే. మారింది ఆ గాబరా. పట్టేస్తున్నప్పుడు భయంతో నోటితో గబగబా పీల్చి ఇంకా ఆయాసం తెచ్చుకునేవాణ్ణి, ఇప్పుడు భుజాలు వదిలేసి, పంపును స్పేసర్‌కి (మందు నిదానంగా పీల్చుకోవడానికి వాడే గొట్టం) తగిలించి, నిదానంగా పీల్చి, మందు పని చేసేదాకా ఆగగలుగుతున్నాను. నా ఒక్కడి అనుభవమేనా అని వెతికితే, అమెరికాలో 83 మంది పెద్దవాళ్లతో ఇలాంటి ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మీదే చేసిన అధ్యయనం ఒకటి 2012లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే వాళ్లకు ఒత్తిడి తగ్గింది, రోజువారీ బతుకు సులువైంది, ఊపిరితిత్తుల పనితీరు మాత్రం మారలేదు. అచ్చం నా మీటరు చెప్పినట్టే.

ఫీజుకు న్యాయం జరిగిందనే అంటాను, ఆ మేడం ఉన్న బ్యాచ్ అయితేనే. చేరేవాళ్లు పంపు జేబులో పెట్టుకునే వెళ్లండి, ఎవరేమన్నా సరే. హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, పది నిమిషాలు ముందే పోయి నిదానంగా ఎక్కండి. కిటికీ పక్క వరస మంచిది. ఎండాకాలమైతే కూలర్ ముందు మాత్రం కూర్చోవద్దు, దాని గడ్డి మార్చి ఎన్నేళ్లయిందో ఏమో, ఆన్ చేస్తే బూజు వాసన కొడుతుంది.